లైబ్రరీలో తద్దినం

మా లోమ్‌లో పొగమంచు దిగితే ఎంత చిక్కగా ఉంటుందంటే, ఓసారి పోస్ట్‌మాన్ తన సైకిల్‌ని దానికి ఆనించి, వీధి వీధంతా ఉత్తరాలు పంచి వచ్చాడు. సైకిల్ ఎక్కడ పెట్టింది అక్కడే నిలబడి ఉంది. అలాంటి మంచు నవంబరు రాగానే డాన్యూబ్ నది మీంచి లేస్తుంది, రేవు దాటుతుంది, కాలేజీ మెట్లెక్కుతుంది, లైబ్రరీ తలుపు దాకా వచ్చి ఆగిపోతుంది. లోపల తనకన్నా చల్లగా ఉంటుందని దానికి భయం.

ఆ చల్లటి లైబ్రరీలో నేదా ఒక ఉద్యోగకాలం మొత్తం కూర్చుంది. బల్ల మీద ఆమె పేరు కింద 'పరిశోధనకు సాయం, కార్యక్రమాలు' అని రాసి ఉండేది. మొదటి పని ఆమెకి బాగా వచ్చు. ఏ పాత పత్రిక ఎక్కడ దొరుకుతుందో, ఏ ఊరి లైబ్రరీ నుంచి ఏ పుస్తకం తెప్పించాలో, కంప్యూటర్లో ఏ మాట కొడితే ఏ వ్యాసం బయటపడుతుందో ఓపిగ్గా పక్కన కూర్చుని చూపించేది. రెండో పనే ఆమె ప్రాణం తీసేది. మా ఊరివాళ్ళని ఒక గదిలోకి రప్పించాలంటే ఆ గదిలో పెళ్ళన్నా కావాలి, చావన్నా కావాలి. ఒకసారి రాజధాని నుంచి ఒక ప్రొఫెసరుగారు వచ్చి 'సమాచారాన్ని వెతకడం ఎలా' అనే విషయం మీద గంటసేపు మాట్లాడాడు. వినడానికి వచ్చిన ఒకే ఒక్కడు బాత్రూం వెతుక్కుంటూ వచ్చినవాడు. అది ఎక్కడుందో మర్యాదకి ప్రొఫెసరుగారే చెప్పాడు.

లైబ్రరీ వెనకాల ఒక చిన్న గది ఉంది. అందులో ఒక పాత టేప్ యంత్రం, గోడ పొడవునా రీళ్ళ పెట్టెలు. ఆ కాలేజీ పంతుళ్ళని తయారుచేసే రోజుల్లో మిన్కోవ్ అనే మాస్టారు ఉండేవాడు. పైన కొండల్లో డ్యామ్ కడుతున్నారనీ, వ్రానోవ్ దోల్ అనే ఊరు నీళ్ళలో మునిగిపోతుందనీ తెలిసి, ఆయన ఆ యంత్రాన్ని గాడిద మీద వేసుకుని పైకి పోయాడు. ఇల్లిల్లూ తిరిగి ఏడుపు పాటలు, దిష్టి మంత్రాలు, ఊరగాయ పెట్టే పద్ధతులు, తిట్లు, అన్నీ పట్టి తెచ్చాడు. ఆయన వాటిని జాగ్రత్త చేసి పోయాడు. ఊరు నీళ్ళలోకి పోయింది. ఊరి జనం లోమ్‌లో కట్టిన అపార్టుమెంట్లలోకి వచ్చిపడ్డారు.

నేదాది వ్రానోవ్ దోల్. ఊరు మునిగేనాటికి ఆమెకి ఆరేళ్ళు. వాళ్ళమ్మ రూజా అంతకుముందు శీతాకాలంలోనే ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. నీళ్ళు వదిలే ముందు శ్మశానంలో ఉన్న ఎవరి వాళ్ళని వాళ్ళు తవ్వి తీసుకుపొమ్మన్నారు. మొగాళ్ళున్న ఇళ్ళవాళ్ళు పారలు పట్టుకుని తమ వాళ్ళ ఎముకలు మూటగట్టుకుని తెచ్చుకున్నారు. నేదా తండ్రి ఎక్కడో దూరపు గనుల్లో ఉన్నాడు. కబురంది వచ్చేసరికి నీళ్ళు చర్చి గడప దాటాయి. రూజా కిందే ఉండిపోయింది.

అందుకని, పెద్దల శనివారం నాడు లోమ్ లోమంతా ఉడికించిన గోధుమలూ ద్రాక్షసారా పట్టుకుని శ్మశానానికి పోతే, నేదా లైబ్రరీకి పోయేది. శ్మశానంలో ఆమెకి పలకరించాల్సిన రాయి లేదు. టేపుల గదిలో మాత్రం ఒక పెట్టె ఉంది. దాని మీద మిన్కోవ్ మాస్టారి చేతిరాతతో 'రూజా, చేతులు పిండిలో ఉండగా' అని ఉంటుంది.

ఆ రీలుని ఆమె ఎప్పుడూ వినలేదు. పాత టేపుకి ఒక జబ్బు ఉంది. దాని మీద పూసిన గోధుమరంగు పూత ఎండిపోయి పొట్టులా రాలుతుంది. గట్టిగా ఉన్న రీళ్ళని నేదా ఒక్కొక్కటే తిప్పి కంప్యూటర్లోకి ఎక్కించింది. ఈ రీలు మాత్రం అట్ట ముట్టుకుంటేనే వేలికి పొడి అంటుకునేది. ఒక్కసారి తిరుగుతుంది, తర్వాత మిగలదు. ఆ ఒక్కసారీ కంప్యూటర్లోకి పట్టుకోవచ్చుగా అంటే, ఒకరోజు మీట నొక్కింది కూడా. ముందు చిన్న చిటపట, ఎక్కడో కోడికూత. అంతే, ఆపేసింది. వినకుండా ఉన్నంతకాలం అమ్మ చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంటుంది. అది విన్నాక, అమ్మ నిజంగా మాట్లాడటం మానేస్తుంది.

ఇలా ఉండగా డైరెక్టరు బోసెవ్ ఆమెని పిలిచాడు. చెడ్డవాడేం కాదు, మర్యాదస్తుడు, ఎప్పుడూ ముక్కు చీదుకుంటూ ఉంటాడు. కాలేజీ ఇప్పుడు పంతుళ్ళని కాదు, పడవలు నడిపేవాళ్ళని తయారుచేస్తోంది. ఓడ నడపడం నేర్పే పెద్ద తెర ఒకటి వస్తోంది, దానికి గది కావాలి.

"నేదాగారూ, ఆ రీళ్ళని రాజధానికి పంపేద్దాం. అక్కడ పెద్ద గోదాం ఉంది. చల్లగా, పొడిగా. మీకు కావాలన్నప్పుడు ఉత్తరం రాసి తెప్పించుకోవచ్చు."

"ఎన్నాళ్ళకి వస్తాయి సార్?"

"అది వాళ్ళ వీలు."

"ఇక్కడుంటే పరిశోధనకి వచ్చేవాళ్ళు వింటారు కదా."

"ఎవరొచ్చారు చెప్పండి. బాత్రూం కోసం వచ్చిన ఆయన తప్ప." అని బోసెవ్ నవ్వి, తర్వాత ఆమె ముఖం చూసి నవ్వు ఆపుకున్నాడు. "సరే. ఒక్క కార్యక్రమం పెట్టండి. చదువుకునే హాల్లో కుర్చీలు నిండితే, గది మీదే. నిండకపోతే పెట్టెలు కట్టేద్దాం."

కుర్చీలు నిండవని ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు. రాజధానికి పోయే లారీలో ఆ రీలు గతుకులకి ఊగి ఊగి పొడైపోతుందని ఆమెకి మాత్రమే తెలుసు.

ఆ సాయంత్రం నేదా పోస్టరు తయారుచేసింది. వ్రానోవ్ దోల్ ఫొటోల్లో స్పష్టంగా ఉన్నది ఒక్కటే, తలకి గుడ్డ కట్టుకున్న వాళ్ళమ్మది. దాన్ని పైన పెట్టింది. కింద 'రూజా వూతోవా' అని పెద్ద అక్షరాలు. దాని కింద పుట్టిన ఏడూ, పోయిన ఏడూ. దాని కింద 'ఆమె గొంతు వినడానికి అందరూ రండి' అనీ, శనివారం పొద్దున్న ఏ వేళకి, ఎక్కడ అన్న వివరం. ప్రింటరులో నల్ల ఇంకు తప్ప వేరేది లేదు. కాగితం చుట్టూ ఒక గీత గీస్తే బావుంటుందనిపించి అది కూడా నల్లగా గీసింది.

మా ఊళ్ళో మనిషి పోతే ఏం చేస్తామో మీకు చెప్పాలి. పోయినవాళ్ళ ఫొటో, పేరు, రెండు సంవత్సరాలు, చుట్టూ నల్లగీత, ఇలా ఒక కాగితం అచ్చువేసి ఇంటి తలుపుకీ, కరెంటు స్తంభానికీ, బస్టాపుకీ అంటిస్తాం. ఆరు నెలలకి మళ్ళీ ఒకటి. ఏడాదికి ఇంకోటి. ఆపైన మనసుకి పట్టినప్పుడల్లా. మా ఊరి గోడల మీద బతికున్నవాళ్ళ ముఖాలు ఎన్నికలప్పుడు తప్ప కనపడవు, అప్పుడు కూడా చాలామంది అనుమానంగానే ఉంటారు. నేదా పుట్టినప్పటినుంచీ చూసిన కాగితం అదే. చెయ్యి తనంతట తానే ఆ దారిన పోయింది. వాచ్‌మన్ పెంకో బంకడబ్బా పట్టుకుని వాటిని అంటించి వచ్చాడు. అంటించినవన్నీ అలాంటి కాగితాలు ఎక్కడ అంటిస్తారో అక్కడే అంటించాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ శనివారం పెద్దల శనివారం. సమాధి లేని మనిషికి అది ఎప్పటిలా లైబ్రరీకి పోయే రోజే, హాలు వాడుకోవడానికి దొరుకుతుందని పెట్టుకుంది.

రొట్టెల కొట్టులో పక్కింటావిడ ఆమె చెయ్యి పట్టుకుని, "ఓపిక పట్టు తల్లీ, అందరికీ ఉండేదే" అంది. నేదా గది పోతుందన్న సంగతి అప్పుడే ఊరంతా పాకిందనుకుని, "చూద్దాం అక్కా, ఇంకా ఆశ పోలేదు" అంది. ఆ ఆడమనిషి వెనక్కి ఒక అడుగు వేసి, మూడువేళ్ళూ కలిపి సిలువ గుర్తు వేసుకుంది.

శనివారం పొద్దున్న మంచులోంచి మొదట ఒక చేతికర్ర వచ్చింది, దాని వెనక కునా వచ్చింది. కునా వ్రానోవ్ దోల్ మనిషి. ఎనభై దాటి ఎన్నో ఏళ్ళయింది. చావు ఆవిడ ఇంటికి రెండుసార్లు వచ్చి తిట్లు తిని పోయిందని చెప్పుకుంటారు. చంకలో గిన్నె, గిన్నె మీద చేతిరుమాలు. ఆవిడ వెనక ఇంకొకరు, ఇంకొకరు. నల్ల కోట్లు, నల్ల గుడ్డలు, రొట్టెలు, సీసాలు, పోయినవాళ్ళకి ఇచ్చే లెక్కన సరిసంఖ్యలో పువ్వులు.

తలుపు దగ్గర పెంకో అడ్డం నిలబడ్డాడు. "లోపలికి తిండి తేకూడదు పిన్నీ. రూలు."

"ఇది తిండి కాదురా, గోధుమలు. పోయినవాళ్ళవి. వాళ్ళకి రూలు చెప్తావా? మీ అమ్మకి చెప్పు ముందు, ఆవిడ కూడా ఇవాళ వస్తుంది."

పెంకో పక్కకి జరిగాడు. "కొవ్వొత్తులు మాత్రం వెలిగించద్దు. పుస్తకాలున్నాయి."

"వెలిగించం. పట్టుకుని కూర్చుంటాం. వాళ్ళు చీకట్లో ఉండటానికి అలవాటు పడ్డవాళ్ళే."

నేదా బల్ల దగ్గర నిలబడి ఈ జనాన్ని చూసి, తన కాగితాన్ని చూసింది. అప్పుడు తెలిసింది ఆమెకి తను ఏం అచ్చువేసిందో. పారిపోదామంటే తలుపు నిండా మనుషులు. ఒక్కొక్కరూ వచ్చి ఆమె అరచేతిలో చెంచాడు తీపి గోధుమలు పోసి, "దేవుడు ఆమెని క్షమించుగాక" అంటున్నారు. వద్దని చెప్పాలంటే నోటినిండా గోధుమలు.

అందరికన్నా ఆఖర్న బోసెవ్ వచ్చాడు. టోపీ చేతిలో, పువ్వులు ఇంకో చేతిలో.

"నేదాగారూ, నాకు ఎవరూ చెప్పలేదు, దూరంనుంచి నల్లగీత చూసి వచ్చాను. క్షమించండి. అమ్మగారు ఎప్పుడు..."

"నాకు ఆరేళ్ళప్పుడు సార్."

బోసెవ్ పువ్వుల వంక చూసుకున్నాడు. "అయితే నేను బాగా ఆలస్యంగా వచ్చాను" అని, కూర్చోవడానికి కుర్చీ కోసం చూశాడు. ఒక్కటి కూడా లేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

గది నిలిచింది. నేదా అక్కడితో ఆపేయొచ్చు. గట్టి రీలు ఒకటి ఎక్కించి, నాలుగు మాటలు చెప్పి పంపేయొచ్చు. అలాగే మొదలుపెట్టింది. హాల్లోకి తెరుచుకునే టేపుల గది తలుపు తీసి, గడప లోపలే ఉన్న యంత్రానికి కంప్యూటర్ తీగ తగిలించి, తిరిగేదంతా అందులోకి ఎక్కేలా పెట్టి, పెత్రా అనే ముసలామె రీలు ఎక్కించింది. పెత్రా పోయి చాలా కాలమైంది. మిన్కోవ్ మాస్టారు దిష్టి మంత్రం చెప్పమంటే ఆమె మొదలుపెట్టింది వేరే.

"మంత్రం తర్వాత, ముందు ఇది రాసుకో అయ్యా. ఆ కునా ఉందే, దాని మేక నా క్యాబేజీ మొత్తం మేసింది. అడిగితే, మా మేకకి కళ్ళు కనపడవు, నీ తోటని మా తోట అనుకుంది అంటుంది."

హాల్లో ముందు వరసలో కునా కర్ర నేలకి కొట్టింది. "కనపడవు మరి. ఒక కంట్లో పువ్వు. నేనెప్పుడన్నా అబద్ధమాడానా?"

టేపు మీద పెత్రా ఒక్క క్షణం ఆగింది. తర్వాత పెద్దగా నవ్వింది.

హాల్లో ఎవరూ నవ్వలేదు. రొట్టె తుంచుతున్న చేతులు ఆగిపోయాయి. కునా మెడ సాచి యంత్రం వైపు వంగి, గొంతు తగ్గించి, "క్యాబేజీకి బదులు నీకు చీజ్ ఇచ్చానే. అది చెప్పవేం" అంది. పెత్రా చెప్పలేదు. దిష్టి మంత్రంలోకి వెళ్ళిపోయింది.

ఆ రీలు అయ్యేసరికి కిటికీలకి మంచు ఆనుకుని నిలబడింది, వినడానికి వచ్చినట్టు. నేదా యంత్రం ఆపి, "ఇంతే. వచ్చినందుకు..." అంటూ ఉండగా కునా అడ్డుపడింది.

"మీ అమ్మ ఏది?"

"ఆ రీలు బాగాలేదు పిన్నీ."

"ఆవిడ పేరున పిలిచావు. ఫొటో వేశావు. ఆవిడ గోధుమలు తిన్నాం. ఇప్పుడు ఆవిడని మాట్లాడించకుండా మమ్మల్ని పంపిస్తావా?"

"ఒక్కసారే తిరుగుతుంది. తర్వాత ఉండదు."

"తర్వాత ఉంటే వినడానికి నువ్వుంటావా?" కునా గొంతులో వెటకారం లేదు. "ఆమె గొంతు ఎరిగినవాళ్ళం ఈ గదిలో ఎంతమందిమి మిగిలాం? వచ్చే ఏడు మా కాగితాలు పెంకో అంటిస్తాడు. అప్పుడు అది రూజా గొంతో, రేడియోనో నీకు ఎవరు చెప్తారే?"

నేదా గదిలోపలికి వెళ్ళి గోడ దగ్గరనుంచి పెట్టె తెచ్చింది. రీలు ఎక్కిస్తుంటే గోధుమరంగు పొడి బల్ల మీద రాలింది. మీట నొక్కింది.

చిటపట. కోడికూత లేదు, అది అప్పుడే రాలిపోయింది. పిండి పిసుకుతున్న చప్పుడు.

తర్వాత ఒక ఆడగొంతు. నేదా ఉలిక్కిపడింది. ఇన్నేళ్ళుగా ఆమె తలలో మాట్లాడిన అమ్మ గొంతు ఇది కాదు. ఇది సన్నగా, తొందరగా, కాస్త చిరాగ్గా ఉంది. తనకి కూతురయ్యే వయసున్న పిల్ల గొంతు. అయితే ఇన్నేళ్ళూ తలలో మాట్లాడింది ఎవరు? ఆమె కునా వంక చూసింది. కునా కళ్ళు మూసుకుని తల ఊపుతోంది, ఆమే అన్నట్టు.

"నీళ్ళు వస్తే ఏం పట్టుకెళ్తావమ్మా?" అని అడిగాడు మిన్కోవ్ మాస్టారు.

"తలుపు. కొత్త తలుపు. మా ఆయన పోయిన ఏడే చేశాడు. ఇంకేముంది మాకు." పిండి చప్పుడు. "దీన్ని కూడా పట్టుకెళ్ళాలి. వదిలేస్తే చేపలతో తగువు పెట్టుకుంటుంది."

అడుగుల చప్పుడు, ఏదో కింద పడింది. చిన్నపిల్ల గొంతు, మరీ దగ్గరగా. "ఈ డబ్బాలో ఎవరున్నారు?"

"ఇంకా ఎవరూ రాలేదు" అన్నాడు మాస్టారు.

"వస్తార్లే. నువ్వు ముందు చేతులు కడుక్కో" అంది రూజా.

పిల్ల కదల్లేదు. ఊపిరి తగిలేంత దగ్గరికొచ్చి అరిచింది. "ఎవరైనా ఉన్నారా?"

తర్వాత ఏమీ లేదు. జవాబు కోసం ఆగింది ఆ పిల్ల. చిటపట మాత్రం నడుస్తోంది. హాల్లో వెలిగించని కొవ్వొత్తులు పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు కునా అంది, "ఉన్నాం తల్లీ." ఆ తర్వాత వెనకనుంచి ఒకరు, పక్కనుంచి ఒకరు, ఆఖరికి గోడ దగ్గర నిలబడ్డ బోసెవ్ కూడా. ఉన్నాం. ఉన్నాం. నేదా మాత్రం వాళ్ళతో కలవలేదు. అడిగింది తనే కదా.

పిల్ల ఇంకాస్త ఆగింది.

"ఎవరూ లేరు" అని, పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.

రూజా ఇంకేదో చెప్పబోయింది. మాట సగంలో గొంతు పలచబడి, గాలిలా అయ్యి, ఆగిపోయింది. రీలు తిరుగుతూనే ఉంది. టేపు ఇటు గోధుమరంగులో ఎక్కి అటు అద్దంలా దిగుతోంది.

నేదా కంప్యూటర్ వంక చూసింది. తెర నల్లగా ఉంది. యంత్రానిది పోగా ఆ గోడకి మిగిలింది ఒకే ఒక్క ప్లగ్గు. పెత్రా నవ్విన దగ్గర ఎవరికో గొంతు ఎండి, కంప్యూటర్‌ది పీకి కాఫీ కెటిల్ పెట్టారు. కాఫీ మాత్రం చక్కగా మరుగుతోంది.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు ఆమె. చెప్పడానికి వ్యవధి కూడా లేకపోయింది. కునా లేచి, కర్ర పక్కన పెట్టి, సీసా మూత తీసి, శ్మశానంలో రాయి ముందు ఎలా పోస్తారో అలాగే ద్రాక్షసారాని యంత్రం ముందు చెక్కనేల మీద పోసింది. "దేవుడు నిన్ను క్షమించుగాక రూజా. తలుపు అక్కడే ఉండిపోయింది, బెంగపెట్టుకోకు." తక్కినవాళ్ళు వరసగా లేచారు. ఒక్కొక్కరూ కాస్త కాస్త పోశారు. పెంకో కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఎర్రటి తడి చెక్కల సందుల్లోకి దిగింది. బోసెవ్ దగ్గర సీసా లేదు. ముక్కు చీదుకుని, వంగి, పువ్వులు ఆ తడి మీద పెట్టాడు.

బయటికి పోతూ మెట్ల మీదే తగువు మొదలైంది. చేతులు కడుక్కో అందని ఒకరు, కాళ్ళని ఒకరు. తలుపు కాదు, తలపాగా అన్నది నేను విన్నానని ఇంకొకరు. ఇప్పటికీ తేల్లేదు. రూజా బతికున్నప్పుడు కూడా ఆమె మాటని వాళ్ళు ఇంత పట్టించుకుని ఉండరు.

సోమవారం బోసెవ్ పిలిచాడు.

"ఓడ తెర వ్యాయామశాలలో పెట్టిస్తున్నాను."

"కుర్చీలు నిండాయి కాబట్టి?"

"కుర్చీలు కాదు." ఆయన బల్ల మీద కాగితాలు అటూ ఇటూ జరిపాడు. "మా నాన్న అప్పట్లో ఆ తవ్వకాలకి పోయాడు నేదాగారూ. కూలికి. ఎవరూ లేనివాళ్ళవి కూడా కొన్ని తవ్వి పైకి తెచ్చారు. ఆ తర్వాత చీకటి పడితే చాలు, నాన్న ఇంట్లో కనపడనివాళ్ళతో మాట్లాడుతూ ఉండేవాడు. మొన్న మీ గదిలో సారా పోశారు, పువ్వులు పెట్టారు. ఇప్పుడు ఆ గదిని కదిలించాలంటే నాకు పూజారి కావాలి, పారలు కావాలి. నేను చెయ్యను."

"శుభ్రం చేయించనా సార్, మరక?"

"వద్దు. ఉండనీండి."

అలా నేదాకి లైబ్రరీలో ఆరు అడుగుల చోటు దొరికింది. రీలుని మళ్ళీ పెట్టెలో పెట్టింది. అందులో ఇప్పుడు ఏమీ లేదు. అయినా కొందరు విద్యార్థులు, ఓడ నడపబోయేవాళ్ళు, అంత తేలిగ్గా భయపడనివాళ్ళు, మంచు పట్టిన పొద్దుల్లో ఆ గది పక్కనుంచి పోతుంటే లోపల ఎవరో పిండి పిసుకుతున్నట్టు వినపడుతుందని చెప్తారు. నేదాని అడిగితే, వేడినీళ్ళ గొట్టాలు అంటుంది. మా కాలేజీలో వేడినీళ్ళ గొట్టాలు వేడెక్కి చాలా ఏళ్ళయింది.

మొన్నీమధ్య కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె వచ్చింది. కొండ వాగుల మీద ఏదో రాయాలి, పాత పటాలు ఉన్నాయా అంది. నేదా లేచి, అల్మరా చూపించడానికి ముందు నడిచింది. ఆ పిల్ల దగ్గర దారని యంత్రం ముందునుంచి రాబోయింది.

"ఇటు తిరిగి రా అమ్మా" అంది నేదా. "అక్కడ తొక్కకు, మా అమ్మ ఉంది."

ఆ పిల్ల కిందికి చూసింది, ఏమీ అడగలేదు. మా ఊరి పిల్లే. పక్కనుంచి తిరిగి వచ్చింది.